నూట పద్నాలుగు అభిప్రాయాల ఇల్లు

గంటవరం పురపాలక సంఘం పరిధిలో ఇల్లు కట్టుకోవాలంటే వెనకటికి మూడు ఉంటే చాలేవి: స్థలం, ప్లాను, ఓపిక. ఆ ఏడాది నుంచి నాలుగోది కూడా కావాల్సి వచ్చింది. అభిప్రాయం. కట్టుకునేవాడిది కాదు, ఊరిది.

దీనికి మూలం ఒక ఇడ్లీ అని చెబుతారు. పై ఊళ్లో ఒక పెద్ద అధికారి హోటల్లో టిఫిను తిన్నాక, బిల్లుతో పాటు ఒక చీటీ కూడా తెచ్చి ముందు పెట్టారట. టిఫిను ఎలా ఉందో రాయమని. ఆయన రాశాడు. రాశాక ఆలోచనలో పడ్డాడు. తిన్నాక చెబితే ఆ ఇడ్లీ బాగుపడుతుందా? ముందే చెప్పాలి గదా! ఇడ్లీకే ఇంత ముందుచూపు అవసరమైతే వందేళ్లు నిలబడే ఇంటికి ఎంత అవసరం? ఆ ఆలోచన కారెక్కి ఆఫీసుకి వెళ్లి, మూడు నెలల్లో అరవై నాలుగు పేజీల నిబంధనల పుస్తకమై గంటవరం వచ్చింది. పథకం పేరు 'మీ ఇల్లు - మన మాట'.

ఆ పథకం కింద మొట్టమొదట దరఖాస్తు పెట్టినవాడు గుబ్బల త్రిమూర్తులు.

త్రిమూర్తులు భూసార పరీక్షా కేంద్రంలో ఉద్యోగి. రైతులు సంచుల్లో తెచ్చిన మట్టిలో ఏముందో, ఏం లేదో కాగితం మీద రాసివ్వడం అతని పని. వాళ్ల వంశంలో కాలేజీ మెట్లెక్కినవాడు అతనొక్కడే. తండ్రి బతికున్నన్నాళ్లూ ఎవరెక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేశాడు. అందుకని త్రిమూర్తులు అచ్చులో ఉన్నది ఏదైనా సరే, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదవందే సంతకం పెట్టేవాడు కాదు. దగ్గుమందు సీసాతో పాటు వచ్చే మడతల కాగితాన్ని కూడా పూర్తిగా చదివిన మనిషి గంటవరంలో అతనొక్కడే అయ్యుంటాడు. పెళ్లి కుదిరాక శుభలేఖ నమూనాలో తప్పులు దిద్దాడని భార్య మంగతాయారు ఇప్పటికీ దెప్పుతుంది.

అతను ఇల్లు కట్టాలనుకోవడానికి కారణం గొప్ప కాదు. ఆ కారణం పేరు అచ్చాయమ్మ. అతని తల్లి.

అచ్చాయమ్మ కొబ్బరి పీచుతో తాడు పేని కొడుకుని చదివించింది. నలభై ఏళ్లు గొంతుక్కూర్చుని పేనిన తాడు మొత్తం కలిపితే గంటవరానికీ కాకినాడకీ ఎన్నిసార్లు కట్టొచ్చో గానీ, ఆ తాడుతో పాటు ఆవిడ మోకాళ్లు కూడా అయిపోయాయి. ఇప్పుడుంటున్న అద్దింట్లో బాత్రూము పెరటి చివర ఉంది. మంచం దగ్గర్నుంచి నలభై రెండు అడుగులు, మధ్యలో పాచి పట్టిన రాతి పలక. అందుకని ఆవిడ మధ్యాహ్నం మూడు దాటాక మంచినీళ్లు ముట్టదు. తాగితే వెళ్లాలి, వెళ్లాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ఈ సంగతి మంగతాయారుకి తెలుసు. త్రిమూర్తులుకి మాత్రం డాక్టరు చెబితే తెలిసింది. ఒంటేలు మంట అని తీసుకెళ్తే, "ఏమ్మా, నీళ్లు తాగవా? నీళ్లు తాగకుండా ఎన్నాళ్లు మందులు మింగుతావు?" అని ఆయన కేకలేశాడు. ఆవిడ నవ్వేసి ఊరుకుంది. ఆ నవ్వు చూసి త్రిమూర్తులు మర్నాడే కొత్త లేఅవుట్లో ఉన్న తమ నూట యాభై గజాలకి ప్లాను గీయించాడు.

కొత్త రకం ఇల్లే. రెండు పడగ్గదులు, హాలు, వంటగది. అమ్మ గదిని ఆనుకుని బాత్రూము. అందులో కుర్చీలోలా కూర్చునే కమోడు, పట్టుకుని లేవడానికి గోడకి స్టీలు కమ్మీ. మంచం దగ్గర్నుంచి బాత్రూము తలుపు దాకా ఏడు అడుగులు. ప్లాను గీసిన ఇంజినీరు అన్నీ మీటర్లలో చెప్పాడు గానీ, అచ్చాయమ్మ తన అడుగుల్లో చెప్పించుకుంది.

పురపాలక కార్యాలయంలో ఈ పథకం కోసమే కొత్తగా ఒక బల్ల వేశారు. దాని వెనక 'అభిప్రాయాధికారి' అన్న చెక్క, ఆ చెక్క వెనక చిట్టూరి సుదర్శనరావు. ఆయన ప్లానుని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, బాగుందని తలాడించాడు.

"చూడవయ్యా త్రిమూర్తులూ. సదరు ప్లాను నిర్మాణస్థలమందు ముప్పది దినములు ప్రజల పరిశీలనార్థం ఉంచవలెను. ప్లాను చదవటం రాని ప్రజల సౌకర్యార్థం, స్థలంలో అసలు కొలతలతో సున్నపు ముగ్గు పోయించవలెను. కనీసం నూటొక్క అభిప్రాయములు రావలెను. తొంభై శాతం సంతృప్తి రావలెను. వచ్చాక నా దగ్గరకి రా."

"బాగుంది అంటే అది అభిప్రాయం కిందకి వస్తదాండి?"

"రాదు. పదకొండో నిబంధన. 'బాగున్నది అనునది అభిప్రాయము కాదు, మొహమాటము.'"

"మా ఇంట్లోవాళ్లం కూడా ఓ మూడు రాసిద్దావండి. మా అమ్మకైతే..."

సుదర్శనరావు కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. ఎవరో లంచం ఇవ్వబోయినట్టు చూశాడు.

"అదెట్లా కుదురుతుంది? ఆ ఇంట్లో నివసించబోయే వ్యక్తులు సదరు ఇంటి విషయమై నిష్పాక్షికముగా ఆలోచించజాలరు. మీకు స్వప్రయోజనం ఉంటుంది. ఏమాత్రం సంబంధం లేనివాళ్లే న్యాయంగా చెప్పగలరు. పన్నెండో నిబంధన."

త్రిమూర్తులుకి ఇది కాస్త వింతగా తోచింది. కానీ అచ్చులో ఉంది. అచ్చులో ఉన్నదాన్ని గౌరవించే అలవాటున్నవాడు కాబట్టి నమస్కారం పెట్టి వచ్చేశాడు.

మేస్త్రి ఏసుబాబు తాడు లాగి, మేకులు కొట్టి, గోడ గోడకీ సున్నం పోశాడు. మామూలుగా పునాది తవ్వేముందు పోసే ముగ్గు ఒక పూట ఉంటే ఎక్కువ. ఈ ముగ్గు మాత్రం నెలరోజులు ఉండాలి. గుమ్మాలున్న చోట ఖాళీ వదిలాడు, కిటికీలున్న చోట చుక్కలు పెట్టాడు. పక్కన ప్లాను ఫ్లెక్సీ, దాని కింద అభిప్రాయాల పెట్టె.

ముందుగా అచ్చాయమ్మనే తీసుకొచ్చారు. ఆవిడ కోడలి భుజం పట్టుకుని తన గదిలోకి వెళ్లి, మంచం ఉండాల్సిన చోట నిలబడింది. భుజం వదిలేసి, మెల్లగా నడిచింది. ఒకటి, రెండు... ఏడు. సున్నపు గీతల మధ్య ఖాళీలోంచి బాత్రూములోకి వెళ్లి, కమ్మీ ఉండాల్సిన చోట గాలిని పట్టుకుని నిలబడింది.

"సరిపోయిందిరా నాన్నా," అంది.

మర్నాటి నుంచి ఊరు వచ్చింది.

గంటవరం జనం గురించి ఒక సంగతి చెప్పుకోవాలి. వాళ్లకి గోడ అంటే మర్యాద. అది సున్నపు గీత అయినా సరే. వచ్చినవాళ్లందరూ ఆ ఖాళీ స్థలంలో గుమ్మం దగ్గర చెప్పులు విప్పేవారు. హాల్లోంచి వంటగదిలోకి వెళ్లాలంటే గీత దాటకుండా చుట్టూ తిరిగి తలుపులోంచే వెళ్లేవారు. ఒకరోజు ఎవరిదో మేక నేరుగా పడగ్గదిలోంచి హాల్లోకి నడిస్తే, "ఓసి దీని దుంపతెగ, గోడలోంచి పోతందేటి!" అని నలుగురూ కేకలేశారు. హాల్లో చాప కూడా ఒకటి వెలిసింది. మధ్యాహ్నం పేకాట మొదలైంది. పేకాడేవాళ్లు బీడీ కాల్చుకోవాలంటే లేచి, ఇంటి బయటికి వెళ్లి కాల్చుకుని వచ్చేవారు.

అంత మర్యాదస్తులు, అభిప్రాయం చెప్పకుండా వెళ్లిపోతారా?

"వంటింటి కిటికీ మా పెరటి కేసి పెట్టావు," అన్నాడు పక్కస్థలం పడాల సత్తిరాజు. "మీ ఆవిడ ఏం వండితే ఆ వాసన మాకొస్తది. ఎండుచేపలొండితే మాకు నోరూరతది. మేం శనివారాలు చేస్తాం. అది గమనించావా?"

"శనివారం మూసేద్దావండి."

"శుక్రవారం సాయంత్రం నుంచీ మూసెయ్యాలి. వాసన ఊరికే పోద్దేటి?"

మెరక వీధి నుంచి వచ్చిన ఒకాయన హాలు కొలతలు అడుగులేసి చూసి పెదవి విరిచాడు. "ఇరుకైపోద్దయ్యా. రేపు మీ అమ్మగారి దినం రోజున బంతులెక్కడ వేస్తావు? ఇటు పన్నెండు ఆకులు, అటు పన్నెండు ఆకులు. వడ్డించేవోడు మధ్యలో ఎలా తిరుగుతాడు?"

అచ్చాయమ్మ అక్కడే తన గదిలో కుర్చీ వేసుకుని కూర్చునుంది. "కూర నువ్వే వడ్డిద్దువుగాన్లే బాబూ, సన్నగా ఉన్నావు," అంది. ఆయన ఆ మాట కూడా కాగితం మీద రాసి పెట్టెలో వేశాడు.

బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు ఇంటి ముందు అరుగు కావాలన్నారు. ఒక కుర్రాడికి ఫోను సిగ్నలు మేడ మీదే వస్తుందట, మెట్లు బయట నుంచి పెట్టమన్నాడు. అయితే ఇవన్నీ చిల్లర అభిప్రాయాలు. అందరూ ఒకే మాటగా పట్టుకున్నది బాత్రూముని.

"తినే చోటుకి పదహారు అడుగుల్లో మరుగుదొడ్డేటండీ!"

"వాయవ్యంలో ఉండాలి. ఎవరినైనా అడుగు."

"వాయవ్యం పాతకాలం. ఇప్పుడంతా ఆగ్నేయమే."

"పెరట్లో పెట్టుకో నాయనా, మీ తాత ముత్తాతలు వెళ్లలేదూ?"

"మా తాత ముత్తాతలు పొలంలోకి వెళ్లేవారండి," అన్నాడు త్రిమూర్తులు నిజాయితీగా.

"చూశావా! మరి పెరడు కూడా అక్కర్లేదన్నమాట," అని ఆయన దాన్ని కూడా రాశాడు.

కొంతమంది మేడ మీద పెట్టమన్నారు. గాలికి వాసన పోతుందని.

ముప్పై రోజులు అయ్యేసరికి పెట్టెలో నూట పద్నాలుగు అభిప్రాయాలు తేలాయి. సుదర్శనరావు వాటిని కంప్యూటరులో ఎక్కించడానికి ఇద్దరు గుమాస్తాలని పెట్టాడు. వారం తర్వాత కబురు పంపాడు. వెళ్లేసరికి ఆయన ముఖం పండగలా ఉంది.

"వచ్చావా! ప్రజలు తీర్పు చెప్పేశారయ్యా. నీ బాత్రూము విషయమై వచ్చిన సూచనలన్నీ ఏ దిక్కు నుంచి ఎన్ని అడుగులో లెక్క కట్టి, సగటు తీయించాను. ఒక్కరి మాట కూడా వృథా పోలేదు. ఇదిగో." కొత్త ప్లాను పరిచాడు.

త్రిమూర్తులు దాన్ని ఒకసారి చూశాడు. రెండోసారి చూశాడు.

"ఇది... హాలు మధ్యలో ఉందండి."

"అవును."

"ఎత్తు రెండున్నర అడుగులు అని రాశారండి."

"మేడ మీద అన్నవాళ్లని కూడా కలుపుకోవాలి కదా. వాళ్లు ప్రజలు కారా?"

"హాలు మధ్యలో పెట్టమని ఒక్కరూ అనలేదండి. నేను రోజూ అక్కడే ఉన్నాను."

సుదర్శనరావు జాలిగా చూశాడు. "ఒక్కరూ అనలేదు. నిజమే. అందరూ కలిసి అన్నారు. ప్రజాభిప్రాయం అంటే అదే."

ఏసుబాబు పాత ముగ్గు చెరిపి కొత్త ముగ్గు పోశాడు. హాలు నడిమధ్య ఇటుకలు పేర్చి రెండున్నర అడుగుల దిమ్మె కట్టి, దానికి నాలుగు మెట్లు పెట్టాడు. పని అయిపోయాక, "ఇరవై రెండేళ్లనుంచి ఈ పనిలో ఉన్నానండి. గుళ్లు కూడా కట్టాను," అని తాపీ కడుక్కున్నాడు.

మంగతాయారు చుట్టూ తిరిగి చూసింది. "టీవీ ఎక్కడ పెట్టుకుందామండీ? అక్కర్లేదులెండి. అత్తయ్యగారు మెట్లెక్కి లోపలికెళ్తే, మనమందరం ఎదురుగా కూచుని వచ్చేదాకా భజన చేసుకుందాం."

"రథం ఎక్కించినట్టు ఎక్కిస్తారేట్రా నన్ను," అంది అచ్చాయమ్మ. ఆవిడ ఆ మెట్లకేసి ఒక్కసారే చూసింది. ఎక్కడానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు. మూడు గంటలకి కోడలు మజ్జిగ ఇస్తే, "ఇప్పుడొద్దులేవే," అని పక్కన పెట్టేసింది. ఆ గ్లాసు త్రిమూర్తులు చూశాడు.

రెండో విడత ప్రజలు వచ్చారు. దిమ్మె చూసి గుండెలు బాదుకున్నారు.

"ఇదేం పోయేకాలం! హాల్లో బాత్రూము పెట్టుకునేవోడెవడైనా ఉంటాడా?" అన్నాడు సత్తిరాజు.

"మీరే పెట్టించారండి. మీరు వాయవ్యం అన్నారు, వారు ఆగ్నేయం అన్నారు."

"నేను చెప్పింది చేస్తే వాయవ్యంలో ఉండేది కదా! పక్కోడి మాట ఎందుకిన్నావు?"

పక్కాయనా అదే మాటన్నాడు. సంతృప్తి మూడు శాతం వచ్చింది. ఆ మూడు శాతమూ పేకాటవాళ్లు. వాళ్లకి దిమ్మె ఆనుకోవడానికి బాగుందట.

మూడు శాతం అనేసరికి సంగతి కమిషనరుగారి దాకా వెళ్లింది. పథకంలో మొదటి ఇల్లే ఇలా అయితే పైవాళ్లకి ఏం జవాబు చెప్పాలి? ఆయన సమావేశం పెట్టి, ఒక గొప్ప మార్గం కనిపెట్టాడు. దాని పేరు 'వివాదాస్పద అంశముల దశలవారీ తొలగింపు'. దేని మీద అభ్యంతరం ఉందో దాన్ని తీసేస్తే, అభ్యంతరం దానంతటదే పోతుంది.

మొదట బాత్రూము తీసేశారు. సంతృప్తి నలభై ఒకటికి లేచింది. వంటగది తీసేశారు. యాభై ఎనిమిది. సత్తిరాజు స్వయంగా వచ్చి ఇంక శనివారాలకి ఢోకా లేదని కరచాలనం చేసి వెళ్లాడు. మెట్లు, కిటికీలు, పడగ్గదుల మధ్య గోడ. డెబ్బై ఏడు. తీసిన ప్రతిసారీ ఏసుబాబు వచ్చి ఒక గీత చెరిపి వెళ్లేవాడు. చివరికి హాలు కూడా, ఇరుకన్నారు కాబట్టి, గోడలు తీసేసి విశాలం చేశారు. నూట యాభై గజాల స్థలం, చుట్టూ ఒక్క సున్నపు గీత మిగిలాయి.

తొంభై ఎనిమిది శాతం.

మిగిలిన రెండు శాతమూ ఇద్దరు మనుషులు. వాళ్లు చెప్పడానికి ఏమీ కనపడటం లేదని అసంతృప్తి తెలిపారు.

ఆ ఖాళీ స్థలంలో షామియానా వేసి సభ పెట్టారు. కమిషనరుగారు త్రిమూర్తులుకి శాలువా కప్పి, 'ఆదర్శ గృహం' అన్న చట్రం కట్టిన పత్రం చేతికిచ్చాడు. "ఇటువంటి సర్వజనామోదమైన గృహం ఈ ప్రాంతంలోనే ప్రథమమని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను," అన్నాడు మైకులో. చప్పట్లు మోగాయి.

త్రిమూర్తులు సుదర్శనరావు పక్కకి జరిగి మెల్లగా అడిగాడు. "మరి ఇల్లేదండి?"

"ఇల్లు ఎవడైనా కడతాడయ్యా. ఏకాభిప్రాయం కట్టడం కష్టం."

"ఈ ప్లాను ప్రకారం కడితే మా అమ్మ ఎక్కడుంటదండి?"

"ఆ అంశము," అన్నాడు సుదర్శనరావు, చప్పట్లు కొడుతూనే, "అభిప్రాయ పత్రంలో లేదు."

ఇంటికొచ్చి త్రిమూర్తులు శాలువా మడతపెట్టి, ఆ అరవై నాలుగు పేజీల పుస్తకం ముందేసుకున్నాడు. ఇదివరకే ఒకసారి చదివాడు గానీ, అది మామూలుగా చదవడం. ఈసారి మట్టిని పరీక్షించినట్టు చదివాడు. పొడి చేసి, జల్లెడ పట్టి, కలిపి, తేర్చి. ఆదివారం మధ్యాహ్నానికి అరవై మూడో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది.

'నలభై ఒకటి (సి): మనుష్యులు నివసించని కట్టడములకు, అనగా గోదాము, పంపుషెడ్డు, స్మారకము వగైరాలకు, అభిప్రాయ సేకరణ వర్తించదు. ఏలననగా, నివసించువారు లేనిచోట వారివలన అసౌకర్యము పొందువారును ఉండరు.'

అతను పుస్తకం మూసేశాడు. మంగతాయారు కూర తరుగుతూ, "ఏమైందండీ?" అంది.

"దారుంది. కానీ అబద్ధం రాయాలి."

"ఏం రాయాలేట్రా?" అంది అచ్చాయమ్మ మంచం మీద నుంచి.

"ఆ ఇంట్లో ఎవరూ ఉండరు అని రాసి సంతకం పెట్టాలమ్మా. నేనెప్పుడూ కాగితం మీద లేనిది రాయలేదు. పొటాషు తక్కువుంటే తక్కువనే రాశాను. రైతులు బతిమాలినా మార్చలేదు."

అచ్చాయమ్మ కాసేపు మోకాలు రాసుకుంది. "ఉంటన్నామని ఎవరన్నార్రా? మీ నాన్న నన్ను చేసుకున్నాక ఏడు కొంపలు మారేను. ఓ చోట గోడకి మేకు కొడితే ఇంటాయన తిట్టేడు. ఓ చోట మునగమొక్క ఏస్తే, కాయ కాసే యేడు ఖాళీ చెయ్యమన్నారు. ఏ కొంపలోనైనా వచ్చేం, ఎల్లేం. ఉండటం అంటే ఏటో నాకింకా తెలీదు. రాసెయ్యి. నా మటుక్కి అది నిజవే."

త్రిమూర్తులు కలం తీశాడు. రాసినదాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివి సంతకం పెట్టాడు.

సోమవారం పదిన్నరకి పాత ప్లాను, కొత్త ప్రమాణ పత్రం తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు. సుదర్శనరావు చదివి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఎవరూ నివసించరా?"

"ఆయ్. ఎవరూ ఉండరండి."

"రెండు పడగ్గదులు ఎందుకూ?"

"నివసించరని రాశాను గానండి, రారని రాయలేదండి. చుట్టపుచూపుగా ఎవరైనా వస్తే కావాలి కదండి."

"బాత్రూము?"

"వచ్చినవాళ్లు మనుషులే కదండి."

సుదర్శనరావు పుస్తకం తిరగేశాడు. నలభై ఒకటి (సి) చదివాడు. భూతద్దం పెట్టి మళ్లీ చదివాడు. ఆయన ముఖంలో క్రమంగా ఒక వెలుగు వచ్చింది. ముగ్గు లేదు, పెట్టె లేదు, సగటు లేదు, శాతం లేదు, కమిషనరుగారి సమావేశం లేదు.

"ఇంత సలక్షణమైన దరఖాస్తు నా సర్వీసులో చూడలేదు," అని పది నిమిషాల్లో ముద్ర వేసేశాడు. "అయితే ఒక్కటి గుర్తుంచుకో. నిర్మాణానంతరం తనిఖీ ఉంటుంది. ఎవరైనా నివసిస్తున్నట్టు తేలితే ఆమోదం రద్దు."

ఏడు నెలల్లో ఏసుబాబు ఇల్లు లేపేశాడు. కమ్మీ బిగించేటప్పుడు అచ్చాయమ్మని నిలబెట్టి, ఆవిడ చెయ్యి ఎంత ఎత్తుకి అందుతుందో పెన్సిలుతో గుర్తు పెట్టి మరీ బిగించాడు. గృహప్రవేశానికి ఊరంతా వచ్చింది. కడుపునిండా తిని, గది గదీ తిరిగి, "బాగుంది" అని వెళ్లిపోయింది. సత్తిరాజు బాత్రూములోకి కూడా వెళ్లొచ్చి, మావాళ్లకీ ఇలాంటిదే కట్టించాలి అన్నాడు. ఎవరూ కాగితం మీద రాయమనలేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం కనపడలేదు.

తర్వాతి మాఘమాసంలో సుదర్శనరావు తనిఖీకి వచ్చాడు. మధ్యాహ్నం నాలుగవుతోంది. త్రిమూర్తులు ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. మంగతాయారు పెరట్లో బట్టలు తీస్తోంది. అచ్చాయమ్మ హాల్లో కుర్చీలో కూర్చుని టీవీ చూస్తోంది. గుమ్మం పక్కన మేకుకి ఒక పుస్తకం వేలాడుతోంది. దాని మీద త్రిమూర్తులు గుండ్రటి అక్షరాలతో 'సందర్శకులు' అని రాసి ఉంది. రోజుకొక పేజీ. ప్రతి పేజీలోనూ ముగ్గురి పేర్లే. వచ్చిన సమయం రాసి ఉంది. వెళ్లిన సమయం కోసం గడి ఖాళీగా ఉంది.

సుదర్శనరావు తిరగేసి, దగ్గి, ఎదురు కుర్చీలో కూర్చుని ఫారం తీశాడు.

"ఏమ్మా, మీరు ఇక్కడ నివసిస్తున్నారా?"

"లేదు బాబూ. చుట్టపుచూపుగా వచ్చేను."

"ఎప్పుడొచ్చారు?"

"డెబ్బై తొమ్మిదేళ్లయ్యింది."

"ఎప్పుడు వెళ్తారు?"

"పిలుపు రావాలి గదా నాయనా. పిలిచాక ఓ క్షణం ఆగనులే."

సుదర్శనరావు కలం ఆగింది. ఆయన ఫారంలోని గడుల కేసి చూశాడు. ఇలాంటి చుట్టానికి గడి లేదు. చివరికి 'సందర్శనం కొనసాగుచున్నది' అని రాసి, సంతకం పెట్టాడు. లేవలేదు. కాస్త ముందుకి వంగాడు.

"మీ అబ్బాయి ఎప్పుడొస్తాడమ్మా? నేనూ ఈ మధ్య ఇల్లు కట్టుకుందామని ప్లాను పెట్టాను. పై ఊరు ఆఫీసు వాళ్లు అభిప్రాయాలు తీశారు. నూట ఆరు వచ్చాయి. నా పడగ్గది వీధి గేటు మీదకి వచ్చింది. ఆ నలభై ఒకటి సి ప్రమాణ పత్రం నకలు ఒకటి ఉంటే..."

"ఇత్తాడులే బాబూ. మావోడు అన్నీ దాస్తాడు." అచ్చాయమ్మ పెరటి కేసి గొంతెత్తింది. "మంగా! చుట్టం వచ్చేడే. మంచినీళ్లు తీసుకురా."

మంగతాయారు రెండు గ్లాసులు తెచ్చింది. గడియారం నాలుగూ పది చూపిస్తోంది. సుదర్శనరావు సగం తాగి కింద పెట్టాడు. అచ్చాయమ్మ తన గ్లాసు ఎత్తి, ఆగకుండా చివరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసు కోడలికేసి చాపింది.

"ఇంకో గ్లాసు పొయ్యవే."